చింతపిక్కల లెక్కలు - పెస్టాలజీ జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. ప్రార్థన గంట, వేపచెట్టు కింద క్లాసులు, వానొస్తే కారే ఏడో తరగతి గది... ఇవన్నీ నాకన్నా బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను మన బడి గడప తొక్కని, మన ఊరి పేరైనా వినని ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పోయి 200 ఏళ్ళు కావస్తోంది. పేరు యోహాన్ హైన్రిక్ పెస్టాలజీ. స్విట్జర్లాండ్ వాడు. బీఈడీ, డీఈడీ చదివిన మన ఉపాధ్యాయ మిత్రులకు ఈ పేరు పరీక్షల నుంచే పరిచయం. నాకు మాత్రం ఏడో తరగతిలో మన లెక్కల మాస్టారి నోటి నుంచి వచ్చింది.

ఆ మాస్టారు ఎవరో మీకు పేరు చెప్పక్కర్లేదు. జేబులో సుద్దముక్కతో పాటు గుప్పెడు చింతపిక్కలు వేసుకుని వచ్చేవారు. 1980ల మొదట్లో సంగతి. ఒకరోజు ఆయన 1/2, 1/3 కలపమన్నారు. నేను 2/5 అని రాశాను. నా పక్క బెంచీ మిత్రుడూ అదే రాశాడు. మాస్టారు కొట్టలేదు. బోర్డు మీద ఒక చదరం గీశారు. నిలువుగా రెండు భాగాలు, అడ్డంగా మూడు భాగాలు చేశారు. మొత్తం ఆరు గళ్ళు. సగమంటే ఎన్ని గళ్ళు? మూడు. మూడో వంతంటే? రెండు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క పిక్క పెట్టినట్టు ఊహించుకుని లెక్కపెట్టమన్నారు. ఆరింట ఐదు. 2/5 అంటే సగం కన్నా తక్కువ. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందట్రా అని అడిగారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఈ చదరం నా సొంతం కాదు, పెస్టాలజీ అనే ఆయనది అని మాస్టారు అన్నారు. మాకది పెసలజీ అని వినబడింది. చింతపిక్కల మాస్టారికి పెసల గురువు దొరికాడని చాలాకాలం చెప్పుకున్నాం.

ఆ పెసలజీ ఎవరో నలభై దాటాక గానీ నేను చదవలేదు. చదివాక తెలిసింది, ఆయన జీవితంలో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువని.

పెస్టాలజీ 1746 జనవరి 12న జూరిక్ నగరంలో పుట్టాడు. తండ్రి శస్త్రవైద్యుడు. పిల్లవాడికి ఐదేళ్ళప్పుడే తండ్రి చనిపోయాడు. పోయేముందు ఇంట్లో పనిచేసే బాబెలీ అనే అమ్మాయిని పిలిచి, నా కుటుంబాన్ని విడిచిపెట్టొద్దని అడిగితే ఆమె మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా. తల్లి, బాబెలీ కలిసి ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఇల్లు నెట్టుకొచ్చారు. వాళ్ళిద్దరి చేతుల మీద పెరిగిన పిల్లవాడు వీధిలో ఆటలకు కొత్త, బడిలో అందరికీ వేళాకోళం. చేతిరాత బాగుండదు, అక్షర దోషాలు దొర్లుతాయి. ఈ రెండూ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ఆయన తాతగారు పల్లెటూళ్ళో పాస్టర్. సెలవులకు అక్కడికి వెళ్ళినప్పుడు తాత వెంట పేదల ఇళ్ళకు తిరిగేవాడు. పల్లె పిల్లలు ఎలా బతుకుతున్నారో అక్కడే చూశాడు. చూసింది మరిచిపోలేదు.

యువకుడిగా రూసో పుస్తకాలు చదివి ఊగిపోయాడు. పిల్లవాడిని ప్రకృతికి దగ్గరగా పెంచాలన్న ఆ ఆలోచన తలకెక్కి, తన కొడుక్కి రూసో పేరే పెట్టుకున్నాడు. 1769లో అన్నా షుల్థెస్ అనే కలిగిన ఇంటి అమ్మాయిని, ఆమె తల్లిదండ్రులకు ఇష్టం లేకపోయినా పెళ్ళి చేసుకున్నాడు. బిర్ అనే ఊరి దగ్గర భూమి కొని, నాయ్‌హోఫ్ అని పేరు పెట్టి వ్యవసాయం మొదలుపెట్టాడు. వ్యవసాయం దెబ్బతింది. అప్పులు మిగిలాయి. అలాంటి పరిస్థితిలో ఎవరైనా ఏం చేస్తారు? ఉన్నది అమ్ముకుని పట్నం వెళ్ళిపోతారు. ఈయన 1774 ప్రాంతంలో చుట్టుపక్కల అడుక్కుతినే పిల్లలను పోగుచేసి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. వాళ్ళు పత్తి వడుకుతారు, బట్ట నేస్తారు, పని చేస్తూనే చదువు నేర్చుకుంటారు, ఆ పని మీద వచ్చే డబ్బుతో బడి నడుస్తుంది - ఇదీ లెక్క. ఆ లెక్క కుదరలేదు. 1780లో బడి మూతపడింది. భార్య తెచ్చుకున్న డబ్బు కూడా అందులో కరిగిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు రాతతోనే గడిచాయి. 1781లో లియొనార్డ్, గెర్ట్రూడ్ అనే దంపతుల కథగా ఒక నవల రాశాడు. అది ఆయనకు యూరప్ అంతటా పేరు తెచ్చింది. అందులో గెర్ట్రూడ్ చదువు పెద్దగా లేని పల్లెటూరి ఇల్లాలు. పిల్లలు నూలు వడుకుతుంటే పోగులు లెక్కపెట్టిస్తుంది. గదికి ఈ గోడ నుంచి ఆ గోడకు ఎన్ని అడుగులో నడిచి చెప్పమంటుంది. ఇల్లే ఆమెకు బడి. లెక్కల బోధన గురించి పెస్టాలజీ తర్వాత చేసినదానికంతటికీ విత్తనం అక్కడ ఉంది. 1792లో ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం కొందరు విదేశీయులకు గౌరవ పౌరసత్వం ఇచ్చినప్పుడు జార్జ్ వాషింగ్టన్‌తో పాటు ఈయన పేరూ ఆ జాబితాలో చేరింది. గౌరవం దక్కింది గానీ, బడి మాత్రం లేదు.

బడి దొరికేసరికి ఆయనకు 52 దాటాయి. 1798 సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యం స్టాన్స్ అనే చిన్న పట్టణాన్ని అణచివేసి తగలబెట్టింది. వందల మంది చనిపోయారు. అనాథలైన పిల్లల కోసం ప్రభుత్వం ఒక శరణాలయం పెట్టాలనుకుని పెస్టాలజీని పంపింది. అక్కడున్నది సగం కట్టిన ఒక పాత మఠం. గజ్జితో, పేలతో, భయంతో వచ్చిన పిల్లలు 80 మంది దాకా. సహాయానికి ఒక ఇంటిపని మనిషి తప్ప ఎవరూ లేరు. పుస్తకాలు లేవు, పలకలు లేవు. తానే వండి పెట్టించి, తానే కడిగి, వాళ్ళ మధ్యనే పడుకుని చదువు చెప్పాడు. వచ్చిన పిల్లవాడు రాని పిల్లవాడికి చెప్పాలి; అంతకన్నా దారి లేదు. ఏమీ లేకపోవడం వల్లనే ఒక సంగతి ఆయనకు స్పష్టంగా కనబడింది. చదువుకు మొదలు పుస్తకం కాదు, పిల్లవాడి కంటికీ చేతికీ అందేది. ఐదారు నెలలు గడిచాయో లేదో, 1799 జూన్‌లో సైన్యానికి ఆస్పత్రి కావాలని ఆ భవనాన్ని తీసేసుకున్నారు. ఆరోగ్యం పాడై, మనసు విరిగి కొండల్లోకి వెళ్ళిపోయాడు.

కోలుకున్నాక బుర్గ్‌డోర్ఫ్ ఊళ్ళో చిన్న బడిలో పాఠం చెప్పుకోనివ్వమని అడిగాడు. ఆ బడి పంతులు వృత్తికి చెప్పులు కుట్టే ఆయన. యాభై దాటిన ఈ పెద్దమనిషి పుస్తకం వల్లె వేయించకుండా పిల్లలతో ఏదేదో చేయిస్తుంటే పంతులుగారికీ, తల్లిదండ్రులకూ నచ్చలేదు. కొత్త ప్రయోగాలు మా పిల్లల మీదా అన్నారు. యూరప్ అంతా చదివిన రచయిత, ఒక పల్లె బడిలో ఉండనివ్వండి బాబూ అని బతిమాలుకోవలసి వచ్చింది. ఆ తర్వాత మరో బడిలో చిన్నపిల్లల్ని అప్పగిస్తే కొద్ది నెలల్లోనే వాళ్ళ ప్రగతి చూసి పరీక్షించినవాళ్ళు ఆశ్చర్యపోయారు. అప్పుడు ఊరి కోటలో సొంత బడి పెట్టుకోనిచ్చారు. 1801లో గెర్ట్రూడ్ తన పిల్లలకు ఎలా చదువు చెబుతుందో వివరిస్తూ ఇంకో పుస్తకం రాశాడు. ఆయన పద్ధతికి అదే ఆధారం.

ఇంతకీ లెక్కల్లో ఆయన చేసిందేమిటి? ఆ రోజుల్లో లెక్కలంటే సూత్రం. సూత్రం బట్టీ పట్టడం, దాని ప్రకారం అంకెలు దించుకుంటూ పోవడం. ఎందుకు అని అడిగేవాడు లేడు. పెస్టాలజీ దీన్ని తలకిందులు చేశాడు. ముందు గులకరాళ్ళు, చిక్కుడు గింజలు, వేళ్ళు. పిల్లవాడు మూడు గింజలు చూస్తాడు, ముట్టుకుంటాడు, ఇంకో రెండు కలుపుతాడు, ఐదని నోటితో చెబుతాడు. తర్వాత గింజల బదులు గీతలు. పది వరసల్లో గీతలు గీసిన పట్టిక గోడకు వేలాడేది. భిన్నాలకు చదరాల పట్టికలు: ఒకదాంట్లో చదరాలను ఒకవైపే రెండు నుంచి పది భాగాల దాకా విడగొట్టాడు, ఇంకోదాంట్లో నిలువుగా, అడ్డంగా రెండువైపులా విడగొట్టాడు. మన మాస్టారు బోర్డు మీద గీసిన చదరం అదే. ఇవన్నీ అయ్యాక గానీ 1, 2, 3 అనే అంకెలు కాగితం మీదికి రావు. వస్తువు, మాట, గుర్తు - ఇదీ వరస. కాగితం లేకుండా నోటితో లెక్క చెప్పడం ఆయన బడి పిల్లలకు ఆటలాంటిది. చూడ్డానికి వచ్చిన పెద్దలు కాగితం మీద లెక్క తేల్చేలోపు పిల్లలు జవాబు చెప్పేవారని అంటారు.

రాజకీయాలు మారి కోట ఖాళీ చేయాల్సివచ్చింది. 1805 నాటికి ఇవర్దోన్ పట్టణంలోని కోటలో బడి స్థిరపడింది. 20 ఏళ్ళు నడిచింది. వైభవంగా ఉన్న రోజుల్లో 150 మందికి పైగా పిల్లలు, దేశదేశాల నుంచి చూడ్డానికి వచ్చేవారు. తర్వాత కిండర్‌గార్టెన్ అన్న పేరే సృష్టించిన ఫ్రోబెల్ 1808 నుంచి రెండేళ్ళు అక్కడే ఉండి నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ళ దాకా రాయడమే రాని యాకోబ్ స్టైనర్ అనే రైతుబిడ్డ 18వ ఏట అక్కడ చేరాడు. ఫీజు అడగలేదు. పైగా కొన్నాళ్ళకు అతన్నే పాఠాలు చెప్పమన్నారు. ఆ స్టైనర్ చివరికి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు, 19వ శతాబ్దపు గొప్ప జ్యామితి పండితుల్లో ఒకడయ్యాడు. ఇంజనీరింగ్ చదివిన నాకు స్టైనర్ పేరు ముందు తెలుసు. ఆయన వెనక పెస్టాలజీ ఉన్నాడని తెలిశాక ఇద్దరి మీదా గౌరవం పెరిగింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది గెలుపు కథ అవుతుంది. కానీ ఇవర్దోన్‌లో రెండు తప్పులు జరిగాయి. అవి మనకు పనికొచ్చేవి కాబట్టి రాస్తున్నాను.

మొదటిది, పేద పిల్లల కోసం బతికిన మనిషి బడి డబ్బున్నవాళ్ళ పిల్లల హాస్టల్‌గా మారింది. ఫీజులు లేకపోతే బడి నడవదు. 1818లో పట్టుబట్టి పక్కన పేదపిల్లల బడి ఒకటి తెరిచాడు గానీ అది ఏడాదికే పెద్దబడిలో కలిసిపోయింది. ఆయన కోరికమీదే ప్రభుత్వ కమిషన్ ఒకటి 1809లో వచ్చి బడిని చూసింది. మంచిని మెచ్చుకుంది గానీ, ప్రభుత్వ బడులు ఈ దారిలో నడవవచ్చని చెప్పలేదు. ఆయనకు అది పెద్ద దెబ్బ.

రెండోది ఇంకా విచిత్రం. బట్టీని పోగొట్టడానికి పుట్టిన పట్టికలే కొన్ని క్లాసుల్లో బట్టీ అయిపోయాయి. గోడ మీది గీతలు చూపిస్తూ పిల్లలంతా ఒకే గొంతుతో గంటలకొద్దీ వల్లె వేసేవారు. గీతలున్నాయి, వస్తువులున్నాయి, ఆలోచన లేదు. పద్ధతి ఎంత మంచిదైనా, పిల్లవాడి పక్కన కూర్చుని వాడు ఎక్కడ ఆగిపోయాడో చూసే మనిషి లేకపోతే అది పాటే అవుతుంది.

చివరి పదేళ్ళు బాధతో గడిచాయి. 1815లో భార్య చనిపోయింది. ఒక్కగానొక్క కొడుకు అంతకు చాలా ముందే, 1801లో పోయాడు. బడిలో ఉపాధ్యాయులు రెండు వర్గాలయ్యారు. బుర్గ్‌డోర్ఫ్ నుంచీ తోడున్న క్రూసీ వెళ్ళిపోయాడు. కోర్టు గొడవలు కూడా అయ్యాయి. 1825లో బడి మూసేసి, 79 ఏళ్ళ వయసులో మొదట ఓడిపోయిన ఆ నాయ్‌హోఫ్ పొలానికే తిరిగి చేరాడు. 1827 ఫిబ్రవరి 17న కన్నుమూశాడు. బిర్ ఊళ్ళో బడి పక్కనే సమాధి చేశారు.

తాను నడిపిన బడి ఒక్కటీ మిగల్లేదు. మరి పేరెలా మిగిలింది? ఇక్కడే నాకు కావలసిన సంగతి ఉంది. 1806లో నెపోలియన్ చేతిలో చితికిపోయిన ప్రష్యా రాజ్యం, మళ్ళీ లేవాలంటే బడులు బాగుపడాలని నిర్ణయించుకుంది. కొందరు యువ ఉపాధ్యాయులను ఎంచి ప్రభుత్వ ఖర్చుతో ఇవర్దోన్‌కి పంపింది. వాళ్ళు పెస్టాలజీ దగ్గర ఉండి, చూసి, చేసి, తిరిగి వెళ్ళి ఉపాధ్యాయ శిక్షణాలయాల్లో ఇతరులకు నేర్పారు. గమనించండి, ప్రష్యా వాళ్ళు పట్టికలు తెప్పించుకుని గోడలకు తగిలించి ఊరుకోలేదు, మనుషులను పంపారు. ప్రభుత్వ బడులకు ఈ దారి పనికిరాదన్న అనుమానానికి అదే జవాబైంది. అమెరికాలో వారెన్ కోల్‌బర్న్ అనే ఆయన కుర్రతనంలో ఫ్యాక్టరీల్లో పనిచేసి, ఆలస్యంగా హార్వర్డ్‌లో చదివి, 1821లో పెస్టాలజీ దారిలో చిన్నపిల్లల లెక్కల పుస్తకం రాశాడు. అందులో మొదట సూత్రాలుండవు. పిల్లవాడి బొటనవేళ్ళు లెక్కపెట్టించడంతో మొదలవుతుంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో కొన్ని తరాలు ఆ పుస్తకంతో నేర్చుకున్నాయి. ఆ కోల్‌బర్న్ తర్వాత బట్టల మిల్లుల సూపరింటెండెంట్‌గా పనిచేశాడు. యంత్రాల మధ్య తిరిగిన మనిషి కాబట్టి నాకు కొంచెం చుట్టరికం అనిపిస్తుంది.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. 2/5 రాసిన నా పక్క బెంచీ మిత్రుడు పదో తరగతిలో లెక్కలు తప్పాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. తాపీపనిలో చేరాడు. కొన్నేళ్ళ క్రితం అమ్మకు ఇల్లు కడదామని నేను ఊరొచ్చినప్పుడు మేస్త్రీగా వచ్చింది వాడే. పునాదికి ముగ్గు పోసేటప్పుడు తాడు పట్టుకుని ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగడుగులు కొలిచి, ఎదురుగా ఐదడుగులు సరిపోయేదాకా మేకు జరిపాడు. మూల సరిగ్గా లంబకోణం. ఒరేయ్, ఇది పైథాగరస్ సిద్ధాంతం కదరా అన్నాను. వాడు నవ్వి, నన్ను ముంచింది ఆ సిద్ధాంతమే కదరా అన్నాడు. పరీక్షలో అడిగినప్పుడు అది అక్షరాల గుంపు. తాడు పట్టుకుంటే అది మూల. ఈ రెండూ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదు. చింతపిక్కల మాస్టారు ఎనిమిదో తరగతికి బదిలీ మీద వెళ్ళిపోయారు. మాకు ఆ తర్వాత గుర్తులు మిగిలాయి, వస్తువులు పోయాయి. నాకు ఇంట్లో చెప్పే అన్నయ్య ఉన్నాడు కాబట్టి గట్టెక్కాను. మా ఇద్దరికీ తేడా తెలివిలో లేదని ఆ రోజు ముగ్గు ముందు నిలబడి నాకు అర్థమైంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. పదేళ్ళ క్రితం ఒక పల్లెటూరి ప్రాథమిక బడికి లెక్కల సామగ్రి పెట్టె కొనిచ్చాను. పూసల చట్రం, భిన్నాల బిళ్ళలు, ఘనాలు అన్నీ ఉన్నాయి. ఫొటో దిగాం. రెండేళ్ళ తర్వాత వెళ్తే అది బీరువాలో తాళం కింద భద్రంగా ఉంది. పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. అక్కడి వాళ్ళను తప్పు పట్టను. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకుంటున్నారు. పెట్టె ఇచ్చి మనిషిని ఇవ్వకపోవడం నా తప్పు. కాంక్రీటు పోసిన రోజున అందరం ఉంటాం; ఆ తర్వాత రోజూ నీళ్ళు పెట్టే మనిషి లేకపోతే స్లాబు నిలవదని నా వృత్తి నాకు రోజూ చెబుతూనే ఉంది.

అందుకే మన సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవ నిధిలో లెక్కల్లో నూటికి నూరు వచ్చినవాళ్ళకు బంగారు పతకం ఇద్దామన్న మాట వినబడుతోంది. ఇవ్వండి, సంతోషమే. కానీ నూరు వచ్చినవాడు మనం లేకపోయినా గట్టెక్కుతాడు. మన బడికి పిల్లలను పంపే చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల పక్కన వారానికి రెండు గంటలు కూర్చునే మనుషులు కావాలి. మనలో రిటైరైన మాస్టార్లు ఉన్నారు, బ్యాంకుల్లో చేసినవాళ్ళు ఉన్నారు, ఇంటి పట్టునుండే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ముందు మన ఉపాధ్యాయులే ఒక సెలవు నెలలో వీళ్ళకు నేర్పితే చాలు. ఖర్చు చింతపిక్కలు, సుద్దముక్కలు, కాగితాలు. ఊళ్ళో ఉన్నవాళ్ళు సమయం ఇస్తే, దూరంగా ఉన్న నాలాంటివాళ్ళం ఆ నేర్పే నెల ఖర్చు, రాకపోకల ఖర్చు భరిస్తాం. నా వంతు నేను ఈ సంచిక వచ్చేలోపే కార్యదర్శిగారికి పంపుతున్నాను. ఏటా రిటైర్మెంటు దాకా పంపుతాను. ఆ తర్వాత నేనే వచ్చి కూర్చుంటాను.

మేస్త్రీ మిత్రుణ్ణి కూడా అడిగాను. ఐదో తరగతి పిల్లలకు తాడుతో మూల ఎలా పెట్టాలో చూపిస్తావా అని. లెక్కలు తప్పినవాణ్ణి బడిలోకి రానిస్తారా అని వాడి అనుమానం. ఆ జవాబు నేను చెప్పలేదు. మన బడి తరఫున మీరు చెబుతారని అతనితో అన్నాను.